రిపోర్టులు నార్మల్, నొప్పి నిజం: పిల్లల్లో దీర్ఘకాలిక నొప్పి

"రిపోర్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయండీ, కంగారు పడాల్సిందేమీ లేదు."

నెలల తరబడి కడుపునొప్పితోనో తలనొప్పితోనో బాధపడుతున్న పిల్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిన అమ్మానాన్నలకు ఈ మాట సగం ఊరట, సగం అయోమయం. రక్తపరీక్ష బాగుంది, స్కాన్ బాగుంది. మర్నాడు పొద్దున చూస్తే పిల్ల మళ్లీ పొట్ట పట్టుకుని ముడుచుకునే పడుకుంది. ఇక్కడి నుంచి చాలా ఇళ్లు రెండు దారుల్లో ఏదో ఒకటి పడతాయి. "ఈ డాక్టర్‌కి అంతుపట్టలేదు, ఇంకోచోట చూపిద్దాం" అని ఆస్పత్రులు మారుస్తూ పోవడం ఒకటి. "స్కూలు ఎగ్గొట్టడానికి వేషాలు" అని తేల్చేయడం రెండోది. పైకి ఈ రెండింటికీ పొంతన లేదనిపిస్తుంది. అడుగున ఉన్న నమ్మకం మాత్రం ఒక్కటే: దెబ్బో, పుండో, వాపో కంటికి కనిపిస్తేనే నొప్పి నిజం. ఆ నమ్మకమే తప్పు. అది పోనంతకాలం ఏ మందూ సరిగ్గా పనిచేయదు.

తాడును చూసి పామనుకున్న శరీరం

నొప్పి మూడు నెలలకు మించి ఉన్నా, వస్తూ పోతూ మూడు నెలలు దాటినా దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, దీనికి సొంతంగా ఒక చోటు ఇచ్చింది. అందులో రెండు రకాలున్నాయి. కీళ్లవాతం, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు), క్యాన్సర్ లాంటి జబ్బు వెంట వచ్చే నొప్పి ఒక రకం. నొప్పే జబ్బు అయి కూర్చున్నది రెండో రకం, దాన్ని ప్రాథమిక దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇది అరుదైన సంగతేమీ కాదు. దాదాపు ప్రతి ఐదుగురు పిల్లల్లో ఒకరికి ఏదో ఒక దీర్ఘకాలిక నొప్పి ఉంటుంది. తలనొప్పి, కడుపునొప్పి, నడుము నొప్పి, కాళ్లూ కీళ్ల నొప్పులు ముందు వరసలో ఉంటాయి. యుక్తవయసు దగ్గరపడేకొద్దీ ఇవి పెరుగుతాయి, ఆడపిల్లల్లో మరీ ఎక్కువ.

వేలు తెగితే చర్మంలోని నాడుల కొసలు సంకేతం పంపుతాయి. అది వెన్నుపాముకు చేరి, అక్కడి నుంచి మెదడుకు వెళ్తుంది. ఇది గొట్టంలో నీళ్లు పారినట్టు ఎంత పోస్తే అంత చేరే వ్యవహారం కాదు. దారిలో, వెన్నుపాములో, ఆ సంకేతాన్ని హెచ్చించే, తగ్గించే ఒక ద్వారం ఉంటుందని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. ఆ తర్వాత వివరాలు చాలా మారాయి కానీ మూల విషయం నిలబడింది. పైనున్న మెదడుకు కూడా ఆ ద్వారం మీద అదుపు ఉంటుంది. భయం, నిద్రలేమి, నొప్పి మీదే ధ్యాస దాన్ని బార్లా తెరుస్తాయి. కదలిక, ధైర్యం, వేరే పనిలో మునిగిపోవడం దాన్ని దగ్గరగా వేస్తాయి. మోకాలు చెక్కుకుపోయినా ఆట అయ్యేదాకా తెలియక, ఇంటికొచ్చి రక్తం చూసుకున్నాక ఏడ్చే పిల్లలు అందరికీ తెలుసు.

దీర్ఘకాలిక నొప్పిలో ఈ ద్వారం తెరుచుకునే ఉండిపోతుంది. ఒకసారి గట్టి విరేచనాలు పట్టుకున్నాయనుకుందాం. వారంలో ఇన్ఫెక్షన్ తగ్గిపోతుంది, పేగు మానుతుంది. కానీ పేగు నుంచి వచ్చే నాడులు మాత్రం ఆ వారంలో నేర్చుకున్న జాగ్రత్తను వదలవు. మామూలు గ్యాసుకు పేగు కాస్త సాగినా, అన్నం తిన్నాక అది సహజంగా కదిలినా, "ప్రమాదం" అనే చెప్తాయి. మడమ బెణికి మానిపోయాక కూడా సాక్సు తగిలితే మంటెత్తడం ఇలాంటిదే.

చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడికి గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది. అక్కడ పాము లేదు. ఆ దడ మాత్రం నటన కాదు. పిల్లల దీర్ఘకాలిక నొప్పిని ఇంతకంటే దగ్గరగా చెప్పే పోలిక మరొకటి లేదు. నార్మల్ రిపోర్టు చెప్పేది పాము లేదని మాత్రమే, దడ లేదని కాదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో కూడా కణజాలానికి హాని జరిగినప్పుడు కలిగే అనుభవంతో పాటు అలాంటి అనుభవాన్ని పోలినదాన్నీ నొప్పిగానే లెక్కించింది.

పిల్లల మాట నమ్మకపోవడం వైద్యంలో కొత్తేమీ కాదు. 1980ల దాకా నెలలు నిండని శిశువులకు ఆపరేషన్లు చాలాచోట్ల నామమాత్రపు మత్తుతోనే చేసేవారు. పసికందుల నాడీవ్యవస్థ ఇంకా పక్వానికి రాలేదు, నొప్పి తెలియదు అనుకునేవారు. సరైన మత్తు ఇస్తే ఆ శిశువుల్లో ఒత్తిడి హార్మోన్లు, ఆపరేషన్ తర్వాతి చిక్కులు తగ్గుతాయని 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం చూపించాక పరిస్థితి మారడం మొదలైంది. నిజానికి ఇదేమంత పాత కథ కాదు.

ముందు పాము లేదని తేల్చుకోవాలి

పోలిక బాగుందని జబ్బును వదిలేయకూడదు. ఈ కింది లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా "ఇది నాడుల నొప్పిలే" అని సర్దుకోకుండా వెంటనే చూపించాలి.

కడుపునొప్పిలో: బరువు తగ్గడం, ఎత్తు పెరగడం మందగించడం, మలంలో రక్తం, ఆగని వాంతులు లేదా ఆకుపచ్చ వాంతి, కారణం తెలియని జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, మింగడం కష్టమవడం, బొడ్డు చుట్టూ కాకుండా కుడిపక్క ఒకేచోట నిలిచిపోయే నొప్పి, యుక్తవయసు మార్పులు ఆలస్యం కావడం. కుటుంబంలో పేగుపూత జబ్బులు, సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం) ఉంటే ఆ సంగతి అడగకపోయినా డాక్టర్‌కు చెప్పాలి.

తలనొప్పిలో: తెల్లవారుజామున వాంతితో లేవడం, దగ్గినా ముక్కినా పెరగడం, చూపులో తేడా, నడకలో తూలడం, ప్రవర్తన మారిపోవడం, ఒక్కసారిగా పిడుగుపడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం.

నడుము నొప్పిలో: రాత్రిళ్లు పెరగడం, జ్వరం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం, మలం మీద అదుపు పోవడం. ఐదేళ్లలోపు పిల్లలకు నడుము నొప్పి ఉందంటే, వేరే లక్షణం లేకపోయినా చూపించాల్సిందే.

కాళ్ల నొప్పుల గురించి కాస్త విడమరిచి చెప్పాలి, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. "ఎదుగుదల నొప్పులు" సాధారణంగా 3 నుంచి 12 ఏళ్ల మధ్య, సాయంత్రమో రాత్రో, రెండు కాళ్లలోనూ, పిక్కల్లో, తొడల్లో వస్తాయి. కాస్త నొక్కితే తగ్గుతాయి. పొద్దున లేచేసరికి పిల్లాడు మామూలుగా పరుగెత్తుతాడు. ఈ వర్ణనలో ఒక్క ముక్క తప్పినా ఆ పేరు పెట్టకూడదు. ఒకే కాలు, ఒకేచోట నొప్పి, పొద్దున కుంటడం, కీలు వాపు, లేవగానే కీళ్లు పట్టేసి కాసేపటికి వదలడం, ఇవన్నీ వేరే కథలు. 16 ఏళ్లలోపు మొదలై, ఆరు వారాలకు మించిన కీలు వాపు పిల్లల కీళ్లవాతం కావచ్చు. ఎముకల నొప్పితో పాటు పాలిపోవడం, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే రక్త క్యాన్సర్‌ కోసం ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. పదేళ్లు దాటిన, కాస్త బరువున్న పిల్లాడు మోకాలి నొప్పి అంటూ కుంటుతుంటే మోకాలితో పాటు తుంటి కూడా చూడాలి. తుంటి ఎముక తల జారిపోతున్నప్పుడు నొప్పి మోకాల్లో తెలియడం మామూలే. ఆ ఆలస్యానికి మూల్యం ఎక్కువ, కాలు మోపనివ్వకుండా ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

కడుపునొప్పిలో అందరూ దాటేసే మామూలు కారణం మలబద్ధకం. రోజూ వెళ్తున్న పిల్లలకు కూడా పూర్తిగా ఖాళీ అవ్వక, లోపల పేరుకుపోయి ఉండొచ్చు. మలం ఎలా ఉంది, గట్టి ఉండలుగానా, బద్దలయ్యేంత లావుగానా, లోదుస్తులకు మరక అవుతోందా అని అడిగితే చాలాసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది. చికిత్స కూడా రెండు రోజుల సిరప్ కాదు. పాలీఇథిలీన్ గ్లైకాల్ లాంటి మందును డాక్టర్ చెప్పిన మోతాదులో కనీసం రెండు నెలలు, మెత్తగా అవడం అలవాటయ్యాక నెమ్మదిగా తగ్గిస్తూ ఆపాలి. తొందరపడి ఆపితే మొదటికొస్తుంది.

పై లక్షణాలేవీ లేవు, పరీక్ష చేస్తే ఏమీ దొరకలేదు, ఎదుగుదల బాగుంది. అప్పుడిక పరీక్షలు ఆపాలి. "ఎందుకైనా మంచిది, ఇంకో స్కాన్" అనే ప్రతిసారీ పిల్లకు అందే కబురు ఒక్కటే: లోపల ఏదో ఉంది, పెద్దవాళ్లకు ఇంకా దొరకలేదు. ద్వారం మరింత తెరుచుకుంటుంది. ఒకే డాక్టర్ దగ్గర, నెలకోసారో ఆరువారాలకోసారో చూపిస్తూ, ఎత్తు, బరువు రాయిస్తూ, కొత్త లక్షణం కనిపిస్తేనే కొత్త పరీక్ష చేయించడం మంచి పద్ధతి.

నొప్పి తగ్గాక కాదు

ఇంట్లో సహజంగా అనుకునే వరస ఇది: ముందు నొప్పి తగ్గాలి, తర్వాత బడికి వెళ్లాలి, ఆడుకోవాలి, బాగా నిద్రపోవాలి. దీర్ఘకాలిక నొప్పిలో ఈ వరస తిరగబడుతుంది. ముందు కదలిక, నిద్ర, బడి తిరిగొస్తాయి. నొప్పి వాటి వెనకాల, వారాలు, ఒక్కోసారి నెలలు ఆలస్యంగా తగ్గుతుంది. ప్రత్యేక నొప్పి కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు, డాక్టర్ కలిసి చేసే చికిత్సల్లోనూ కనిపించేది ఇదే. ఈ ఒక్క సంగతి కుటుంబానికి ముందే చెప్పకపోతే మూడో వారంలో "ఇంకా నొప్పి ఉందిగా" అని మానేస్తారు.

విశ్రాంతి ఎందుకు బెడిసికొడుతుందో చూడండి. కాలు నొప్పని నెల రోజులు మంచం మీదే ఉంటే కండ సన్నబడుతుంది. సన్నబడిన కండకు మెట్లెక్కడమే పెద్ద పని, తొందరగా నొప్పెడుతుంది. పగలు పడుకోవడంతో రాత్రి నిద్ర చెదురుతుంది. నిద్ర లేని మర్నాడు నొప్పి హెచ్చుతుంది. బడి మానితే పాఠాలు పేరుకుంటాయి, స్నేహితులు దూరమవుతారు. మళ్లీ వెళ్లాలంటే భయం, భయంతో పొద్దున్నే కడుపులో మెలిక. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒకదాని మీద ఒకటి పడుతూ పోతుంది. అందుకే చికిత్స ఈ గొలుసును ఒకచోట కాక మూడు నాలుగు చోట్ల ఒకేసారి తెంపాలి.

కదలిక: కొలిచి మొదలుపెట్టడం

"రోజూ కాస్త నడవమ్మా" అన్నది చికిత్స కాదు. కొలత కావాలి. మూడు రోజులు పిల్ల తనంతట తాను ఎంతసేపు నడవగలిగితే అంతసేపు నడవనిచ్చి రాసుకోండి. 12, 8, 10 నిమిషాలు అనుకుందాం. సగటు 10. అందులో ఎనభై శాతం, అంటే 8 నిమిషాలు, మొదలుపెట్టే స్థాయి. రోజూ సరిగ్గా 8 నిమిషాలు. మూడు రోజులకోసారి ఒక నిమిషం పెంచాలి. ఇలా పెంచితే నెల తిరిగేసరికి 17, 18 నిమిషాల దగ్గరికి వస్తారు.

ఇందులో అందరూ తప్పే నియమం ఒకటుంది: నొప్పి తక్కువున్న రోజు ఎక్కువ చేయకూడదు, ఎక్కువున్న రోజు మానకూడదు. బాగున్న ఆదివారం పిల్లాడు రెండు గంటలు ఆడేస్తాడు, సోమ, మంగళ, బుధ వారాలు మంచం పడతాడు. నాడీవ్యవస్థ అక్కడ నేర్చుకునేది "కదిలితే ప్రమాదం" అని. అదే ఎనిమిది నిమిషాలు రోజూ నడిస్తే "కదిలాను, ఏమీ కాలేదు" అని నేర్చుకుంటుంది. తాడు అని నోటితో చెప్తే దడ తగ్గదు. రోజూ కాస్త కాస్త తాకితేనే తగ్గుతుంది. బాగా నొప్పిగా ఉన్న రోజు నిమిషాలను రెండు ముక్కలు చేసి, పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు నడవొచ్చు. సున్నా మాత్రం చేయకూడదు.

చిన్న దెబ్బ తర్వాత పాదమో చెయ్యో రంగు మారి, చల్లబడి, దుప్పటి తగిలినా భరించలేనంత నొప్పిగా మారితే అది సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి జబ్బు కావచ్చు. పిల్లల్లో, ముఖ్యంగా పదేళ్లు దాటిన ఆడపిల్లల్లో, కాళ్లకు ఎక్కువగా వస్తుంది. దీనికి కట్టు వేసి కదలకుండా ఉంచడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కదలికే మందు, దాంతో పాటు స్పర్శకు అలవాటు చేయాలి. ముందు దూదితో, నొప్పి లేని చోట మొదలుపెట్టి నొప్పి ఉన్న చోటి అంచుదాకా, ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు రుద్దాలి. రుద్దుతున్నప్పుడు పిల్ల అటే చూస్తూ ఉండాలి, చెయ్యి తనదే అయితే ఇంకా మంచిది. దూది ఇబ్బంది పెట్టడం మానేశాక మెత్తటి నూలుగుడ్డ, తర్వాత తువ్వాలు, తర్వాత మెత్తటి బ్రష్షు. ఒక మెట్టు మీద వారం పట్టినా ఫర్వాలేదు. ఫిజియోథెరపిస్టు వారానికోసారి చూసి మార్చాలి, మిగతా పనంతా ఇంట్లోనే.

నిద్ర, మనసు

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. సరిచేయడం పడుకునే టైముతో మొదలుపెడితే గొడవే మిగులుతుంది. లేచే టైముతో మొదలుపెట్టండి. సెలవు రోజైనా, రాత్రి నొప్పితో నిద్ర పట్టకపోయినా, రోజూ ఒకే వేళకు లేపాలి. పగటి నిద్ర ఆపాలి, ఫోను పడకగది బయట ఉండాలి. పగలంతా మంచం మీదే చదవడం, తినడం, టీవీ చూడడం చేస్తే మంచం నిద్రకు గుర్తుగా ఉండదు, నొప్పికి గుర్తుగా మారుతుంది.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమనగానే "అంటే మా పిల్లకు మెంటలా?" అని బాధపడే తల్లిదండ్రులు చాలామంది. ఆ ఆలోచన తెలివైన చికిత్సలను దూరం చేస్తోంది. మెదడు నుంచి కిందికి దిగే నొప్పి అదుపు మార్గాన్ని బలపరిచే మార్గాల్లో ఆలోచన-ప్రవర్తన చికిత్స, అంటే సీబీటీ, ముఖ్యమైనది. అందులో ఏం చేయిస్తారంటే, "ఇది ఎప్పటికీ తగ్గదు, నేను పరీక్ష రాయలేను" లాంటి ఆలోచన వచ్చినప్పుడు పట్టుకోవడం, భయపడి మానేసిన పనుల జాబితా రాసి తేలికైనదాని నుంచి మళ్లీ మొదలుపెట్టడం, శరీరాన్ని వదులు చేయడం. 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో దీర్ఘకాలిక మైగ్రేన్ మీద 2013లో వచ్చిన అధ్యయనంలో అమిట్రిప్టిలిన్ మందుకు సీబీటీ జోడించిన బృందంలో 66 శాతం మందికి తలనొప్పి రోజులు సగానికి పైగా తగ్గాయి. అదే మందుతో తలనొప్పి గురించిన పాఠాలు మాత్రమే చెప్పిన బృందంలో అది 36 శాతం. కడుపునొప్పికి పేగు మీద దృష్టి పెట్టే హిప్నోథెరపీ కూడా బాగా పనిచేస్తుంది. పేరు విని భయపడతారు కానీ అది కళ్లు మూసుకుని, పొట్టలో వెచ్చదనాన్ని ఊహించుకునే సాధన లాంటిది.

ఇంట్లో ఈ రోజే మొదలుపెట్టగలిగింది శ్వాస. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ నోటితో వదలడం, ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. నొప్పి లేనప్పుడు నేర్పాలి. నొప్పి వచ్చినప్పుడే మొదటిసారి చేయమంటే ఏ పిల్లా చేయలేదు, "ఇది కూడా పనిచేయలేదు" అన్న నిరాశ మిగులుతుంది.

అమ్మానాన్నలు ఏమనాలి

2006లో ప్రచురితమైన ఒక ప్రయోగం గురించి ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాలి. తరచూ కడుపునొప్పి వచ్చే పిల్లలకూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ నీళ్లు తాగించి పొట్టలో అసౌకర్యం కలిగించారు. కొంతమంది తల్లిదండ్రులను నొప్పి గురించి ఆరా తీస్తూ సానుభూతి చూపమన్నారు, కొంతమందిని మాట మళ్లించమన్నారు. ఆరా తీసిన చోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, మళ్లించిన చోట సగానికి తగ్గాయి. పిల్లలను అడిగితే మాత్రం మాట మళ్లించడమే తమకు నచ్చిందన్నారు. తల్లిదండ్రులేమో అలా చేస్తే పిల్లలకు చెరుపవుతుందేమో అనుకున్నారు.

దీనర్థం పట్టించుకోవద్దని కాదు. నొప్పిని ఒప్పుకోవాలి, ఒక్కసారి, గట్టిగా. ఆ తర్వాత పనిలోకి నడిపించాలి. "ఎలా ఉందిరా ఇప్పుడు? తగ్గిందా? ఎంతుంది?" అని గంటగంటకూ అడగడం బదులు, "నొప్పిగా ఉందని తెలుసు నాన్నా. మనిద్దరం ఐదు నిమిషాలు శ్వాస చేద్దాం, తర్వాత బూట్లు వేసుకుందాం" అనాలి. "ఏం లేదు, అంతా నీ భ్రమ" అనడం, "అయ్యో తల్లీ, ఇవాళ పడుకో, టీవీ పెట్టనా?" అనడం, రెండూ వద్దు. బడి మానిన రోజు ఇల్లు బడికంటే హాయిగా ఉండకూడదు. ఫోను ఉండదు, టీవీ ఉండదు, పాఠాల పుస్తకం ఉంటుంది. శిక్షగా కాదు, రోజు రోజులాగే ఉండాలని. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలకు కూడా ఇది కూర్చోబెట్టి చెప్పాలి. అమ్మానాన్న పెట్టిన నియమం ఒకటి, వాళ్ల ముద్దు మరొకటి అయితే చికిత్స నిలబడదు.

నొప్పిని కొలవాల్సి వస్తే, నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఆరు ముఖాల బొమ్మల కొలబద్ద ఉంది, ఎనిమిదేళ్లు దాటితే సున్నా నుంచి పది అంకెలు అర్థమవుతాయి. మాట్లాడలేని పసివాళ్లకు ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపు అనే ఐదింటికి రెండేసి మార్కుల ఫ్లాక్ పద్ధతి, మాటలు రాని దివ్యాంగ పిల్లలకు దాన్నే సవరించిన రూపం ఉన్నాయి. కానీ దీర్ఘకాలిక నొప్పిలో అంకె కంటే ఎక్కువ చెప్పేవి నాలుగు: ఈ వారం బడికి ఎన్ని రోజులు, నిద్ర ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు నడిచాడు, స్నేహితులతో ఎన్నిసార్లు ఆడాడు. రాత్రి ఒక్కసారి, అమ్మో నాన్నో, పిల్లను అడగకుండా ఇవి రాసుకుంటే డాక్టర్‌కు కావాల్సిందంతా అందులో ఉంటుంది.

బడికి తిరిగి

నెలలు మానేసిన పిల్లను ఒక్కసారిగా పూర్తి రోజు పంపితే మూడో రోజే తిరిగొస్తుంది. రోజు విడిచి రోజు పంపడం కూడా పనిచేయదు, ప్రతి రోజూ కొత్తగా వెళ్తున్నట్టే ఉంటుంది. మొదటి వారం రోజూ రెండు గంటలు, రెండో వారం సగం రోజు, మూడో వారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక పీరియడ్ దాకా, నాలుగో వారం పూర్తిగా. క్లాస్ టీచర్‌తో ముందే మాట్లాడి రాతపూర్వకంగా పెట్టుకోవాల్సినవి కొన్నే. నొప్పి పెరిగితే పిల్ల బల్ల మీద ఒక కార్డు పెడుతుంది, ఎవరూ కారణం అడగరు, పది నిమిషాలు వేరేచోట కూర్చుని తిరిగొస్తుంది. కడుపునొప్పి పిల్లకు అడక్కుండా బాత్రూమ్‌కు వెళ్లే అనుమతి, తలనొప్పి పిల్లకు బల్ల మీద నీళ్ల సీసా. నొప్పి అనగానే ఇంటికి ఫోన్ చేసి తీసుకెళ్లమనడం ఉండకూడదు. తప్పిపోయిన పాఠాలన్నీ తిరిగి రాయమనకుండా, ఏవి అవసరమో టీచరే ఏరి ఇవ్వాలి. పేరుకుపోయిన నోట్సు భయమే చాలామంది పిల్లలను గేటు దగ్గర ఆపేస్తుంది. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, చదవడంలోనే ఏదైనా ఇబ్బంది ఉందా అన్నదీ ఈ సందర్భంలోనే నెమ్మదిగా తెలుసుకోవాలి.

మందుల చోటు ఎంత

తక్కువే, కానీ ఆ తక్కువను సరిగ్గా వాడాలి. పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకుండా. 20 కిలోల పిల్లకు ఒక్కసారికి 200 నుంచి 300 మిల్లీగ్రాములు. అసలు పొరపాటు సిరప్ దగ్గర జరుగుతుంది. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సీసా ఒకటి, 250 ఉండేది మరొకటి. ఒకే మూత కొలతతో పోస్తే మందు రెట్టింపో సగమో అయిపోతుంది. సీసా మీద 5 మిల్లీలీటర్లకు ఎంత అని చదివి, సిరంజితో కొలవాలి, టీ స్పూన్‌తో కాదు. ఐబుప్రొఫెన్ అయితే కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, 6 నుంచి 8 గంటల ఎడంతో, తిన్నాక. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు దాన్ని ఇవ్వకూడదు, మూత్రపిండాలకు ప్రమాదం. 16 ఏళ్లలోపు పిల్లలకు డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆస్పిరిన్ వద్దు.

తలనొప్పి పిల్లల్లో ఒక్కోసారి మందే నొప్పికి కారణమవుతుంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మాత్రలు, కలగలుపు మాత్రలు 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలు పైగా వాడితే ఆ వాడకమే రోజువారీ తలనొప్పిని తెస్తుంది. అందుకే వారంలో రెండు మూడు రోజులకు మించకుండా చూసుకోవాలి, మాత్ర వేసిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెట్టాలి.

రోజూ వేసే నివారణ మందుల విషయంలో 2017లో వెలువడిన ఒక పెద్ద పరీక్ష చాలామంది కళ్లు తెరిపించింది. మైగ్రేన్ ఉన్న పిల్లలకు అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. తలనొప్పి రోజులు సగానికి తగ్గినవారు వరుసగా 52, 55, 61 శాతం. అంటే మందులు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కాలేదు, దుష్ప్రభావాలు మాత్రం మందులతోనే ఎక్కువ. దీన్ని చూసి మందులన్నీ దండగ అనుకోనక్కర్లేదు, కొందరు పిల్లలకు ఉపయోగపడతాయి. కానీ మాత్ర మొదలుపెట్టి నిద్ర, నడక, సీబీటీ పక్కన పెట్టడం మాత్రం తలకిందుల పని అని మా గట్టి అభిప్రాయం.

కోడీన్, ట్రమడాల్ అనే నొప్పి మందులు 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో తేల్చిచెప్పింది. కొందరి కాలేయం జన్యుకారణాల వల్ల వీటిని అతివేగంగా బలమైన మందుగా మార్చేస్తుంది, ఊపిరి ఆగే ప్రమాదముంది. పిల్లల దీర్ఘకాలిక నొప్పిపై 2020లో సిద్ధమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా శారీరక, మానసిక, మందుల చికిత్సలు మూడూ కలిపి చూడాలన్నాయి. మార్ఫిన్ లాంటివి ప్రాణాంతక జబ్బులు, చివరి దశ నొప్పులకు పరిమితం చేశాయి. అక్కడ మాత్రం, క్యాన్సర్ పిల్లకు నొప్పి ఉన్నప్పుడు, మార్ఫిన్‌కు భయపడి ఆపడం క్రూరత్వమే అవుతుంది.

కీళ్లవాతం, సికిల్ సెల్ ఉన్న పిల్లలకు అసలు జబ్బు మందులు ఆపకూడదు. అయితే వాపు తగ్గి, పరీక్షలు బాగై కూడా నొప్పి మిగిలితే స్టెరాయిడ్ పెంచే ముందు ఆగి ఆలోచించాలి. మిగిలింది తాడు కావచ్చు.

నొప్పి తిరగబడే రోజు కోసం

బాగవుతున్న పిల్లకు కూడా జ్వరం వచ్చాక, పరీక్షల ముందు, సెలవులు అయిపోయినప్పుడు నొప్పి తిరగబడుతుంది. ఇది చికిత్స విఫలమైందనడానికి గుర్తు కాదు. కానీ ఆ రోజు ఎవరికీ ఆలోచించే ఓపిక ఉండదు కాబట్టి, బాగున్న రోజునే పిల్ల చేతి రాతతో ఒక కాగితం తయారుచేయించాలి. పైన: "ఇది నాకు తెలిసిన నొప్పే, ఇంతకు ముందు తగ్గింది." కింద వరసగా: ఐదు నిమిషాలు శ్వాస, పావుగంట వేడినీళ్ల సంచి, నచ్చిన మూడు పనుల్లో ఒకటి, సగం సగంగా చేసిన నడక, మాత్ర వేయాలంటే ఎంత, ఈ వారంలో ఇది ఎన్నోది. రెండు మూడు రోజుల్లో మామూలు స్థాయికి తిరిగి రావాలని తేదీ వేయాలి. అన్నిటికంటే కింద ఎర్ర సిరాతో డాక్టర్ ఫోన్ నంబరు, దాని పక్కన అది ఏయే లక్షణాలకో: జ్వరం, రక్తం, ఆకుపచ్చ వాంతి, కాలు ఎత్తలేకపోవడం, ఎప్పుడూ రాని కొత్త రకం నొప్పి. ఒక కాపీ ఇంట్లో అందరికీ కనిపించే గోడ మీద, ఒకటి స్కూలు బ్యాగులో, ఒకటి క్లాస్ టీచర్ దగ్గర.